కాయితం పేరు

అనకాపల్లి చౌక్‌లో ఎవరినైనా ఆపి ఎర్రయ్య గారి ఇల్లెక్కడని అడగండి, తెల్లమొహం వేస్తారు. ఎలియాజరు మాస్టారని అడిగితే మాత్రం టీకొట్టువాడు గ్లాసు కింద పెట్టి మరీ దారి చూపిస్తాడు. ఇద్దరూ ఒక్క మనిషే. బడిలో వేసిన రోజున హెడ్మాస్టరు గారు ఎలియాజరు అని రాయడానికి బద్ధకించి, "మీ నాన్న పేరేంటోయ్" అని వాళ్ల నాన్ననడిగి, ఆ తాత పేరే మనవడికి తగిలించేశారట. అప్పట్నుంచి సర్టిఫికెట్లలో ఎర్రయ్య, చర్చిలోనూ వీధిలోనూ ఎలియాజరు. వాళ్ల ఇళ్లల్లో ఇదేం వింత కాదు. కాయితానికొక పేరు, మనుషులకొక పేరు.

నాకు వాడు బావ. చుట్టరికం వెతక్కండి, లేదు. మా వైపు మగవాళ్లు నాలుగు రోజులు కలిసి టీ తాగితే బావలైపోతారు. నా పేరు చంటిబాబు. స్టేషను రోడ్డులో కింద నా ఇంటర్నెట్ సెంటరు, మేడ మీద వాడి టైపు ఇన్‌స్టిట్యూట్. ఇప్పుడు ఆ మేడా లేదు, నా సెంటరూ లేదు. అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు కట్టారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా మెట్లున్న వైపు చూస్తాను. ఆ మెట్లు కూడా లేవు. అయినా చూస్తాను.

రెండువేల సంవత్సరం ముందూ వెనకా ఆ మేడ మీద తెల్లవారకుండానే మోత మొదలయ్యేది. లోయరు పరీక్షకి కట్టినవాళ్లు, హయ్యరుకి కట్టినవాళ్లు బ్యాచీలు బ్యాచీలుగా ఎక్కి దిగేవారు. ఎలియాజరు స్కేలు పట్టుకుని బల్ల మీద తాళం వేస్తుంటే దానికి తగ్గట్టు వేళ్లు పడాలి. బెల్లం సీజన్లో మార్కెట్టు వైపు నుంచి గాలి తిరిగితే ఆ తియ్యటి వాసనా, మిషన్లకి వేసే నూనె వాసనా కలిసిపోయేవి. ఇప్పటికీ ఎక్కడైనా పాత టైపు మిషన్ కనిపిస్తే నాకు బెల్లమే గుర్తొస్తుంది.

వాడు బక్కపల్చటి మనిషి. పొడుగు చేతుల చొక్కా మోచేతుల దాకా మడిచి, చెవి మీద పెన్సిలు పెట్టుకునేవాడు. నాకు నోటి మీద అదుపు లేదు, వాడికి నోరే లేదు. పిల్లలు ఎన్ని తప్పులు కొట్టినా కసిరేవాడు కాదు. స్కేలుతో బల్ల మీద ఒక్క చరుపు చరిచేవాడు, అంతే. ఆ ఒక్క చప్పుడుకే వాళ్లు మళ్లీ మొదట్నుంచి కొట్టేవారు.

వాళ్లమ్మ బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేది. వేలంపాటలు అయ్యేదాకా మోసి, మధ్యాహ్నం కొడుక్కి కేరేజీ పట్టుకుని మెట్లెక్కేది. ఎప్పుడూ అరచేతులకి జిగురే. "నా సెయ్యి తగిల్తే నీ మిసన్లకి సీమలు పడతాయిరా" అని దూరంగానే నిలబడేది. ఆవిడకీ రెండు పేర్లే. పుట్టింటివాళ్లు పెట్టింది చిన్నమ్మలు. పెళ్లికి ముందు జ్ఞానస్నానం తీసుకున్నప్పుడు ఫాదరు నాలుగు పేర్లు చదివి వినిపిస్తే, చెవికి ఇంపుగా ఉందని తనే కోరి పెట్టించుకున్నది లూర్దు మేరీ. రేషను కార్డులో, ఓటరు కార్డులో, మేస్త్రీ నోట్లో చిన్నమ్మలు. ఆదివారం పూట లూర్దు మేరీ. చదువు మాత్రం ఏ పేరుకీ లేదు. ఎక్కడ ఏం కావాలన్నా వేలిముద్రే.

టైపు మిషన్ల రోజులు అయిపోతున్నాయని ఎలియాజరుకి నాకన్నా ముందే తెలిసింది. పిల్లలు మేడెక్కడం మానేసి కింద నా దగ్గరికి వస్తున్నారు, అదీ చాటింగుకి. అప్పుడొక కంప్యూటర్ పత్రికతో పాటు ఊరికే ఒక సీడీ ఇచ్చారు, కంప్యూటర్ని నడిపించే లైనక్సు అని. నేను దాన్ని పెరట్లో కాకులు వాలకుండా వేలాడదీద్దామనుకున్నాను. వాడు పట్టుకుపోయాడు. మూల పడి ఉన్న నా పాత కంప్యూటర్లో దాన్ని ఎక్కించుకుని, మధ్యాహ్నాలు కూచుని, ఏడాది తిరిగేసరికి ఒక ప్రోగ్రాము రాశాడు. తెలుగు టైపు నేర్పే ప్రోగ్రాము. తెర మీద అక్షరం కనిపిస్తుంది, ఏ వేలితో ఏ మీట నొక్కాలో బొమ్మ చూపిస్తుంది, తప్పు కొడితే టప్పుమని స్కేలు చప్పుడొస్తుంది. అది నిజంగా వాడి స్కేలు చప్పుడే, నేనే రికార్డు చేశాను.

"అమ్ముదాం బావా దీన్ని" అన్నాను.

"ఊరికే వచ్చినదాని మీద కూకుని రాసేను. నానూ ఊరికే ఇవ్వాలి కదా బావా" అన్నాడు.

ఓపెన్ సోర్సు అంటే అదేనట. లోపలి రాతంతా ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని నలుగురికీ పంచుకోవచ్చు. ఇంటర్నెట్‌లో పెట్టే రోజున ఆ పేజీ మొట్టమొదట ప్రోగ్రాము పేరడిగింది. వాడికి పేరు సంగతే తట్టలేదు. ఇద్దరం తెరకేసి చూస్తూ కూచున్నాం. అప్పుడే వాళ్లమ్మ కేరేజీ పట్టుకొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతోంది.

"చిన్నమ్మలు అని కొట్టు బావా. నా పేరు అడిగితే ఎర్రయ్య అని కొట్టు. ఇదీ కాయితం లాంటిదే కదా" అన్నాడు.

అలా పడింది ఆ పేరు. ప్రోగ్రాము తెరిచేసరికి తెర నిండా ఎర్రటి అక్షరాలతో చిన్నమ్మలు అని వచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ అది చూసి, "ఏట్రా ఆ ఎర్రగున్నాది?" అంది. నీ పేరేనమ్మా అన్నాడు. నమ్మలేదు. నావైపు తిరిగి "నిజవేనేట్రా సంటీ?" అంది. నేను నాలుగక్షరాలూ విడదీసి చదివి వినిపించాను. ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని, దగ్గరికొచ్చి, చూపుడువేలితో అద్దం మీద ఆ అక్షరాల వెంట రాసింది. తెర మీద బెల్లం మరక పడింది. వాడు తుడవలేదు, నన్నూ తుడవనివ్వలేదు.

అప్పట్నుంచి రోజూ కొడుకు అన్నం తింటున్నంతసేపూ ఆవిడ తెర ముందు కూచునేది. ముందు అద్దం మీద రాసింది, తరవాత సుద్దముక్కతో నా గుమ్మం మీద రాసింది. నా గుమ్మం మీద నెలల తరబడి చిన్నమ్మలు, చిన్నమ్మలు అనే ఉండేది. వచ్చినవాళ్లు నా సెంటరు పేరే అదనుకునేవారు. లోకంలో ఇన్ని కోట్ల మాటలుంటే ఆవిడ చదవగలిగింది ఆ ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ చూసుకోవడానికి ఎండలో అంత దూరం నడిచొచ్చేది.

ప్రోగ్రాము కూడా ఊళ్లు తిరిగింది. నేను సీడీలు కాపీ చేసి తుమ్మపాల, సబ్బవరం పిల్లలకి ఇచ్చేవాణ్ని. ఇంటర్నెట్‌లో దించుకున్నవాళ్లు ఉత్తరాలు రాసేవారు. కొంతమంది మెయిలింగ్ లిస్టని ఒకటి పెట్టుకున్నారు. అందులో ఒకరు ఉత్తరం రాస్తే అందరికీ చేరుతుంది. మొహాలు తెలియవు, ఊళ్లు తెలియవు, ఒకడు బొమ్మ బాగుచేసేవాడు, ఒకడు పాఠం కలిపేవాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే కృపాజ్యోతి అనే అమ్మాయి అందరికన్నా గట్టిది. తప్పు కనిపిస్తే మర్నాటికల్లా దిద్ది పంపేది. ఆ లిస్టులో మావాడు ఎర్రయ్య గారు. కింద నా సెంటర్లో కూచుని ఎర్రయ్య గారు అయిపోయి, మేడెక్కి మళ్లీ ఎలియాజరు అయ్యేవాడు.

రెండువేల ఐదులో హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వచ్చింది. పేరెందుకు లెండి. బడులకి కంప్యూటర్లు వేసే కంపెనీ. మీ చిన్నమ్మలుని మా కంప్యూటర్లన్నిటిలో ఎక్కిస్తాం, ఇద్దరు ఇంజనీర్లనిస్తాం, మా సర్వరులో చోటిస్తాం అన్నారు. ఇచ్చారు కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ ఇంజనీర్లు మంచి పనిమంతులు. ప్రోగ్రాముకి గొంతు వచ్చింది, అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. అనకాపల్లి వాడి ప్రోగ్రాము ఎక్కడెక్కడి పిల్లలకో అక్షరాలు నేర్పుతోందని నేను చౌక్‌లో అందరికీ చెప్పుకు తిరిగాను. ఎలియాజరు సిగ్గుపడి ఆ వారమంతా టీకొట్టుకి రాలేదు.

మరుసటేడు కంపెనీ నుంచి లిస్టుకొక ఉత్తరం వచ్చింది. చిన్నమ్మలు అనే పేరుని వాళ్లు ట్రేడ్‌మార్కుగా రిజిస్ట్రేషనుకి పెట్టారట. ఇక మీదట కంపెనీ తయారుచేసిన ప్రోగ్రాముకే ఆ పేరుండాలి. లోపలి రాత ఎప్పటిలాగే అందరిదీ, కావలసినట్టు మార్చుకోండి, కానీ మార్చినదాన్ని పంచేటప్పుడు ఇంకో పేరు పెట్టుకోండి. ఆ పేరు రాసిన ప్రతిచోటా పక్కన రెండు చిన్న ఇంగ్లీషు అక్షరాల గుర్తు కూడా వేయాలట. వాళ్ల కొత్త ప్రోగ్రాము తెరిచి చూశాను. ఎర్రక్షరాలు పోయి, వాటి చోట కళ్లజోడు పెట్టుకుని పట్టుచీర కట్టిన ఒక ముసలమ్మ బొమ్మ నవ్వుతోంది.

వాళ్లమ్మ ఆ బొమ్మని చాలాసేపు చూసింది. "ఎవుర్తిరా ఇది, కలెట్టరు గారి అమ్మా?" అంది.

లిస్టు రెండుగా చీలింది. పేరు మనది, కోర్టుకెళ్దాం అని సగం మంది. ఇంజనీర్లు పోతే పని ఆగిపోతుంది, పేరేముంది, మార్చేద్దాం అని సగం మంది. పొద్దున్న లేచేసరికి డెబ్బై ఎనభై ఉత్తరాలు, అన్నీ తిట్లే. క్షకారం కొడితే కొత్త కంప్యూటర్లలో అక్షరానికి బదులు ఖాళీ డబ్బా పడుతోందని సబ్బవరం పిల్లలు మొత్తుకుంటున్నారు. దాన్ని దిద్దినవాడు ఒక్కడు లేడు. పేరు గురించి ఇంతింత రాయడానికి అందరికీ తీరికుంది. నాకు ఒళ్లు మండి ఎర్రయ్య పేరుతో నేనే నాలుగు చివాట్లు రాసి పంపబోతే, వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

వాడు ఏ పక్షమూ మాట్లాడలేదు. మా అనకాపల్లి సీడీల మీద, మా తెర మీద ఎర్రక్షరాలు అలాగే ఉంచాడు. పేరు మార్చనని కంపెనీకి ఒక్క ముక్క రాశాడు. ఎందుకో లిస్టులో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. పేరు మారిస్తే రోజూ మధ్యాహ్నం కేరేజీ పట్టుకుని వచ్చే మనిషికి తెర మీద చదువుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంతలో కృపాజ్యోతి లిస్టులో ఒక మాట లేవదీసింది. చిన్నమ్మలు అనేది బతికున్న మనిషి పేరు, ఎర్రయ్య గారి తల్లి గారిది, ప్రోగ్రాములోనే ఆ మాట రాసుంది. బతికున్న మనిషి పేరు రిజిస్టరు చేయాలంటే ఆవిడ ఒప్పుకోలు కావాలి కదా అని. కంపెనీ లాయర్లు తలలు గోక్కున్నట్టున్నారు. ఒప్పుకోలు ఇప్పించమని ఎలియాజరుకి ఫోను చేశారు. కుదరదన్నాడు. మళ్లీ చేశారు. మళ్లీ కుదరదన్నాడు. ఇక మనిషినే పంపించారు.

వచ్చినాయన పేరు శాంతికుమార్. నలభై లోపు మనిషి, నెమ్మదస్థుడు. కారు చౌక్‌లో ఆపి ఎర్రయ్య గారి ఇల్లెక్కడని అడిగితే ఎవడికీ తెలియక, ఎండలో ఊరంతా తిరిగి, చివరికి నా సెంటర్లోకొచ్చి మంచినీళ్లడిగాడు. నేను కూడా తెలియదని పంపించేద్దామనుకున్నాను. నా మొహం చూసి పసిగట్టాడు. సరిగ్గా అప్పుడే కేరేజీతో ఆవిడ గుమ్మంలోకొచ్చింది, వెనకే మేడ మీద నుంచి వాడు దిగాడు.

శాంతికుమార్ లేచి ఆవిడకి దణ్ణం పెట్టాడు. శాలువా కప్పబోతే, "ఉండు బాబూ, సెమటగా ఉన్నాను" అని పక్కకి జరిగింది. శాలువా కుర్చీ మీద పెట్టాడు. వచ్చిన పని మర్యాదగానే చెప్పాడు. ఆవిడ సంతకం పెడితే ఇంజనీర్లూ సర్వరూ ఉంటారు, పెట్టకపోతే కంపెనీ తప్పుకుంటుంది. ఇద్దరు ఇంజనీర్లూ తన కిందవాళ్లేననీ, వాళ్లకీ ఈ గొడవ ఇష్టం లేదనీ అన్నాడు. ఆయన చెడ్డవాడని చెప్పడానికి నాకు ఒక్క కారణమూ దొరకలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

"ఈ బాబుకి ఏటి కావాలట్రా?" అంది ఆవిడ కొడుకుతో.

"నీ పేరు కావాలటమ్మా."

"ఏ పేరు?"

వాడు ఆవిడ చేతిలో కేరేజీ అందుకుని బల్ల మీద పెట్టాడు.

"రేసను కార్డు పేరేనా?"

"ఔనమ్మా."

"ఇచ్చీరాదేట్రా మరి. దానికి ఇంత ఎండలో మనిసిని తిప్పుతారేటి?"

నేను ఊరుకోలేకపోయాను. "అత్తా, నీకు తెలీదు. ఆళ్లు ఊరికే అడగలేదు" అన్నాను.

"నువ్వుండ్రా సంటీ. కాయితం పట్టుకొచ్చినోడికి కాయితం పేరు ఇవ్వడమే కదా. మీ మావ ఉన్నన్నాళ్లూ అలగే సేసేడు. ఆ పేరు ఆళ్లకోసవే ఉన్నాది. ఇంట్లో దాన్తో పనేటి?"

ఎలియాజరు చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పటికే శాంతికుమార్ కాయితాలు బల్ల మీద పరిచి, సంచీలోంచి వేలిముద్రల సిరా డబ్బా తీసి మూత విప్పాడు. ఆవిడ ఆ డబ్బాని చూసింది. చూసి, వేలితో దాన్ని అవతలికి నెట్టేసింది.

"పెన్నివ్వు బాబూ" అంది.

వాడు తెరిచిన నోరు మూసేశాడు. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ పెన్ను అడిగి ఉండదు. ఏ కొడుకు మాత్రం ఆ పెన్ను లాక్కోగలడు? నేనూ లాక్కోలేకపోయాను. ఆవిడ చేతులు చీరకి తుడుచుకుంది, కుర్చీ అంచున కూచుంది, కాయితం మీదికి వంగింది. చి రాసింది. ఆగి, తలెత్తి తెర మీద ఎర్రక్షరాల్ని చూసుకుంది. న్న రాసింది. మళ్లీ చూసుకుంది. బయట లారీ ఒకటి హారను కొడుతూ పోయింది. ఆఖరి లు రాసి, కొమ్ము కొంచెం పొడుగు లాగి, పెన్ను కింద పెట్టి, కాయితాన్ని నావైపు తిప్పి, "బాగుందేట్రా?" అంది.

బాగుందత్తా అన్నాను.

శాంతికుమార్ మొహం ఎర్రబడింది. సిరా డబ్బా మూత పెట్టేసి, ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టి, మంచినీళ్లు సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. శాలువా మరిచిపోయాడో, వదిలేశాడో తెలియదు.

కారు మలుపు తిరిగాక ఎలియాజరు కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మా, ఇంక ఆ పేరు మనం రాయకూడదే. తెర మీద నుంచి తీసీయాలి" అన్నాడు.

ఆవిడకి ఒక్క క్షణం అర్థం కాలేదు. "అదేటి? రేసనోళ్లకి ఇచ్చేను. ఓటోళ్లకి ఇచ్చేను. ఎంతమందికిచ్చినా నా కాడే ఉండిపోయింది కదరా. ఈళ్లు పట్టుకుపోతారేటి?"

"ఔనమ్మా. పట్టుకుపోతారు."

ఆవిడ తెర వంక చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. మార్కెట్లో ఎవరైనా చేతిలో దిమ్మ లాక్కుంటే పదిమందికి వినబడేలా శాపనార్థాలు పెట్టే మనిషి. ఆ రోజు వేలితో ఆ అక్షరాల్ని ఒక్కసారి తడిమింది, అంతే. వాడు తలవంచుకుని కూచున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఆవిడ లేచి వాడి తల మీద ఆ జిగురు చెయ్యి వేసింది.

"ఏడవకురా. ఇంకోటున్నాది కదా. అది రాయి, నేర్సుకుంతాను."

మర్నాడు ఎలియాజరు లిస్టుకి ఉత్తరం రాశాడు. జరిగిందంతా రాశాడు. మా అమ్మ కాయితం పేరు కంపెనీకి ఇచ్చేసింది, తను కోరి పెట్టించుకున్న పేరు మనకి ఉంచింది, ఇక మీదట మన ప్రోగ్రాము లూర్దు మేరీ అని రాశాడు. కింద మొట్టమొదటిసారి ఎలియాజరు అని సంతకం పెట్టాడు. మతం పేరేమిటని ఒకాయన అభ్యంతరం రాశాడు. దానికి నేను జవాబు రాసే లోపలే కృపాజ్యోతి రాసింది. "మా ఇంట్లోనూ ఇంతే. నా సర్టిఫికెట్లలో పేరు సత్యలక్ష్మి. మీరందరూ నన్ను పిలిచేది మాత్రం మా అమ్మ పిలిచే పేరుతోనే." ఆ ఉత్తరంతో పాటే క్షకారం తప్పు దిద్ది పంపింది. గొడవలు మెల్లగా సద్దుమణిగాయి. కోర్టుకెళ్దామన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు అలిగి వెళ్లిపోయారు, తక్కినవాళ్లు పనిలో పడ్డారు.

నేను మాత్రం నెలరోజులు మూతి ముడుచుకునే ఉన్నాను. అంత తేలిగ్గా ఇచ్చేసిందేమిటని ఆవిడ మీద కోపం, ఇవ్వనిచ్చాడని వాడి మీద కోపం. ఒకరోజు ఆవిడతో అనేశాను కూడా.

"ఆ పేరు పెట్టి నన్ను పిలిసినోళ్లందరూ పని సెప్పడానికే పిలిసేర్రా" అంది. "ఇది నాను ఏరుకున్న పేరు. దీన్ని బాగా దిద్దించు."

తెర మీద కొత్త ఎర్రక్షరాలు వచ్చాయి. ఆవిడ మళ్లీ అద్దం మీద వేలు పెట్టింది. లూ దగ్గర, ఇది నాకొచ్చు, కొమ్మే కొంచెం పెద్దది అంది. ర్దు దగ్గర వారం రోజులు తంటాలు పడింది. నా గుమ్మం మీద పాత పేరు చెరిగి కొత్త పేరు పడింది. వానాకాలం వచ్చేసరికి రెండు పేర్లూ తప్పులేకుండా రాసేది. ఒకరోజు ఆర్టీసీ కాంప్లెక్సు ముందు బస్సు కోసం నాతో పాటు నిలబడింది. బస్సు వచ్చి ఆగగానే నా మోచెయ్యి పట్టుకుని గుంజింది.

"ఒరే సంటీ, దీని నుదుటి మీద నా మ్మ ఉన్నాదిరా."

చూస్తే తుమ్మపాల బస్సు. ఎక్కేవాళ్లు తోసుకుంటున్నారు, కండక్టరు అరుస్తున్నాడు. ఆవిడ మాత్రం కదలకుండా ఆ బోర్డునే చూస్తూ నిలబడింది. మా బస్సు కాకపోయినా నేనూ నిలబడ్డాను.

రెండువేల ఎనిమిదిలో, వానలు మొదలయ్యే ముందు, నాలుగు రోజుల జ్వరంతో ఆవిడ పోయింది. సమాధి మీద లూర్దు మేరీ అని నల్లరంగుతో రాయించారు. అప్పటికి కంపెనీకి బడుల కాంట్రాక్టు అయిపోయింది. పట్టుచీర ముసలమ్మ కనబడ్డం మానేసింది. చిన్నమ్మలు అనే పేరు మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. వాళ్లు వాడరు, ఇంకొకళ్లు వాడకూడదు. లూర్దు మేరీ ఇంకా ఊళ్లు తిరుగుతూనే ఉంది.

నవంబరులో సమాధుల పండగ వచ్చింది. ఎలియాజరు, నేను సున్నం వేయించడానికి పొద్దున్నే వెళ్లాం. పెయింటరు రాయి మీద మేరీ అన్న అక్షరాలకి రంగు దిద్దుతున్నాడు. అప్పుడు గేటు దగ్గర బెల్లం మార్కెట్టు ఆడవాళ్లు అయిదారుగురు, చేతుల్లో బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చి అటూ ఇటూ తిరుగుతున్నారు. వాళ్లలో పెద్దది కాసులమ్మ, చిన్నమ్మలుతో పాతికేళ్లు దిమ్మలు మోసిన మనిషి. సమాధులు చూసుకుంటున్న ఒక కుర్రాణ్ని చిన్నమ్మలు ఎక్కడుందని అడిగింది. వాడు రాళ్లన్నీ చదివి, ఆ పేరుగలవాళ్లు ఇక్కడెవరూ లేరు మామ్మా అన్నాడు.

"నేకపోడమేటి? మా సిన్నమ్మలు" అంది కాసులమ్మ.

ఎలియాజరు పరిగెత్తుకెళ్లి వాళ్లని తీసుకొచ్చాడు. వాళ్లు పూలు పెట్టి, కాసేపు ఏడ్చి, కొవ్వొత్తులు వెలిగించి పక్కన చతికిలబడ్డారు. వాడు నిలబడి ఆ రాయినే చూస్తున్నాడు. పెయింటరు కుంచె కడుక్కోబోతుంటే, "ఉండు బాబూ, దాని కింద ఇంకో పేరు రాయి" అన్నాడు. "చిన్నమ్మలు. తెలుగులో. మ్మ కొంచెం పెద్దది రాయి."

పెయింటరు రాయడం మొదలెట్టాడు. నా నోరు ఊరుకోదు కదా. "కంపెనీని అడగక్కర్లేదా బావా? పక్కన ఆ చిన్న గుర్తు కూడా వేయించాలేమో" అన్నాను.

అమ్మ పోయాక వాడు నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"రమ్మను బావా. కాయితం పట్టుకుని ఇక్కడికే రమ్మను."

కాసులమ్మ కొంగుతో రాయి అంచున దుమ్ము తుడిచింది. పెయింటరు ఆఖరి లు రాసి, కొమ్ము లాగి, కుంచె నీళ్లలో ముంచాడు.